క్తేసిబియసుని వాయుబాణయంత్రము

వంచినను నొక్కినను వస్తువును మరలఁ బూర్వస్థితికిఁ దెచ్చు గుణమును తార్కికులు స్థితిస్థాపకసంస్కార మందురు. ఈ సంస్కారము పృథివియందే కల దని, ఆంధ్రుఁడని ప్రసిద్ధుఁడగు అన్నంభట్టు తర్కసంగ్రహమునఁ జాప మొదలగువాని నుదాహరించి చెప్పెను. విశ్వనాథపంచాననుఁడు భాషాపరిచ్ఛేదమున నీ పక్షమునే గ్రహించి, పృథివ్యాదులు నాల్గింటను గల దను కొందఱి మతమును గూడఁ బేర్కొనెను. ‘కొందఱు’ అను మాటచేతనే యా మతమునం దనాదరము స్ఫురించుచున్నది. ఈ రెండు గ్రంథములును క్రీ.శ. 17వ శతాబ్దివి. వాయువునందు స్థితిస్థాపకము కలదా యను నీ ప్రశ్నకు, వానికిఁ బందొమ్మిది వందల యేండ్లకు ముందే, ఐగుప్తదేశమందలి అలెగ్జాండ్రియా నగరమున నొక మంగలికొడుకు కంచుపనితో నుత్తరము చెప్పియుండెను.

అతఁడే క్తేసిబియసు. కాలము క్రీ.పూ. 3వ శతాబ్ది. రోమకుఁడగు విట్రూవియసు తన వాస్తుగ్రంథము తొమ్మిదవ భాగమున నీతని బాల్యవృత్తాంతము చెప్పియున్నాఁడు. తండ్రి యంగడిలోని యద్దమును సులభముగాఁ బైకిని క్రిందికిని జరుపుటకై బాలుఁడు త్రాటికొనకు సీసపుగుండు కట్టి, అది యొక గొట్టములో నడచునట్లు చేసెనఁట. గుండు వేగముగా దిగినపుడు లోని గాలి నొక్కఁబడి, వెలికిఁ బోవుచు ధ్వని చేసెను. నొక్కఁబడిన గాలి బలముతో వెడలు నని యతఁడు గ్రహించిన దిట్లు.

ఆ కాలపు యవనుల పెద్ద బాణయంత్రములలో వింటిబద్దకు మాఱుగా రెండు వేఱువేఱు భుజము లుండెడివి. ఒక్కొక్క భుజము స్నాయువులతోనో వెండ్రుకలతోనో పేనిన త్రాళ్ల కట్ట నడుమ బిగింపఁబడెడిది. నారిని వెనుకకు లాగినపుడు కట్ట మెలివడును. విడిచినపుడు మెలి విడి బాణమును త్రోయును. కట్ట దూఱు రంధ్రపు వ్యాసము బాణపు పొడవులో 9వ పాలుండవలె నని కొలత. ఈ యంత్రమునకు లోప మొక్కటి: త్రాళ్లు వాడుకచేత సడలును. సడలిన కొలఁది బలము తగ్గును. త్రాటికి బదులు సడలని వస్తువేది యని వెదకుటయే క్తేసిబియసుని యుద్యమము.

అతని గ్రంథములు నశించినవి. తరువాతివాఁడగు బైజాంటియము ఫైలో బాణయంత్రములఁ గూర్చి రచించిన గ్రంథమున వాని వృత్తాంతము నిలిచినది. మొదటి యుపాయము కంచురేకులు. శుద్ధమైన రాగి 1 మినాకు, అనఁగా 100 ద్రాఖ్మలకు, 3 ద్రాఖ్మల తగరము కలిపి, పోఁతపోసి, చల్లారిన పిదప సమ్మెటతోఁ జిరకాలము కొట్టవలె నని ఫైలో విధించెను. లోహము వంగి మరల నిలుచునా యని శంకించువారికి, స్పెయినుదేశపుఁ గత్తుల నతఁడు నిదర్శనముగాఁ జూపెను: తలపై నడ్డముగాఁ బెట్టి రెండు కొనలును భుజముల నంటునట్లు వంచి విడిచినను ఆ కత్తులు తిన్నగనే యుండెడివి.

రెండవ యుపాయము వాయువు. వైద్యుల మందుబరణి యాకారమున మూఁతలేని కంచుపాత్రలు రెండు చేయించి, లోపలిగోడలను తరిమెనపట్టి నునుపు చేసి, గాలి తప్పింపరాని బిరడ లమర్చిరి. యంత్రభుజముల మడమలు బిరడలకుఁ దగులును. నారిని లాగఁగా బిరడలు లోనికిఁ జొచ్చి గాలిని నొక్కును. విడువఁగా గాలి బిరడలను వెనుకకుఁ దన్నును. భుజములు ముందునకు విసరి బాణము పోవును. పరీక్షార్థము బిరడను మేకులతో లోనికిఁ గొట్టి విడిచినపు డది మహావేగముతో వెడలెననియు, ఒక్కొక్కప్పుడు గాలితోఁగూడ నగ్ని వెడలెననియు ఫైలో చెప్పెను. ఇది కట్టుకథ యని త్రోసివేయఁదగదు. వేగముగా నొక్కఁబడిన గాలి మిక్కిలి వేఁడెక్కును. ఆగ్నేయాసియా జనులు బిరడగొట్టముతోనే దూది నంటించుకొనెడివారు.

ఈ యంత్రము నేఁటి గాలితుపాకి వంటిది కాదని గుర్తింపవలయును. ఇందు గాలి బాణమును తాఁకదు, భుజములనే త్రోయును. గాలియే గొట్టమున బాణమును ఊఁదుటకు, కమానుచే మూయఁబడు తిత్తిగల తుపాకి ఐరోపాలో వెలసెను. సుమారు 1580 నాఁటి దొకటి స్టాక్‌హోము రాజాయుధశాలలో నున్నది. క్తేసిబియసుని యంత్రము మాత్రము వ్యాపింపలేదు. త్రాడు పేనువారు ప్రతి పట్టణమునను గలరు. గాలి తప్పని పాత్రను తరిమెనపట్టఁగలవా రరుదు.

1660లో రాబర్టు బాయిలు వాయువునకు స్థితిస్థాపకము కల దని గ్రంథము వెలువరించి, 1662లో దాని కొలతయుఁ దెలిపెను: ఉష్ణము మాఱక గాలి సగమునకు నొక్కఁబడినచో దాని బలము రెట్టింపగును. తార్కికులలో ‘కొందఱి’ పక్షము వాయువు విషయమున నిట్లు నిలిచినది.

యంత్రశబ్దమును సంకోచార్థకమగు యత్రిధాతువునుండి సాధించినచో నీ యంత్రమున కది మిక్కిలి యనుగుణము. కాని వ్యుత్పత్తి చరిత్ర కాదు. అర్థశాస్త్రమున జామదగ్న్యాదియంత్రముల పేళ్లున్నవి; నిర్మాణక్రమము లేదు. కావుననే పేరునుబట్టి వానిని వాయుయంత్రము లనుటకు వీలులేదు. మంగలికొడుకు కంచుపాత్ర మాత్రము ఫైలో నిర్మాణక్రమముతోడను పనితీరుతోడను వ్రాసియుంచుటచేత నేఁటికిని బ్రమాణ మగుచున్నది. పనివాని చేతినేర్పును పండితుఁడు గ్రంథస్థము చేయనిచో, సత్యమైన పక్షముగూడఁ ‘గొందఱి’ మతముగనే మిగిలిపోవును.