ఆ ఊళ్ళో ఎవరింటికి వాళ్ళు వెళ్ళరు

2013 మార్చిలో వచ్చిన సిమ్‌సిటీ గేమ్‌లో సాయంత్రం పూట ఒక పని చేయొచ్చు. ఫ్యాక్టరీ గేటు మీదికి కెమెరా తిప్పి, డ్యూటీ దిగి బయటికొచ్చే ఒక మనిషిని ఎంచుకుని, అతని వెనకాలే వెళ్ళొచ్చు. చాలామంది వెళ్ళారు. అతను నడుచుకుంటూ పోయి, దగ్గర్లో ఏ ఇల్లు ఖాళీగా కనపడితే ఆ ఇంట్లో దూరిపోతాడు. పొద్దున బయల్దేరిన ఇల్లు కాదది. మర్నాడు ఆ ఇంట్లోంచి బయటికొచ్చి, దగ్గర్లో ఏ ఉద్యోగం ఖాళీగా ఉంటే ఆ ఉద్యోగంలో చేరతాడు. నిన్న కార్మికుడు, ఇవాళ కొట్లో గుమాస్తా. రాత్రికి ఇంకో ఇల్లు. ఆ ఊళ్ళో ఎవరింటికి వాళ్ళు వెళ్ళరు.

ఆటగాళ్ళు ఇది కనిపెట్టి వీడియోలు తీసి పెట్టారు. మొదట నవ్వారు, తర్వాత కోపం తెచ్చుకున్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఆసక్తిగా ఉంటుంది. ఎందుకంటే అంతకుముందు 24 ఏళ్ళపాటు సిమ్‌సిటీ ఆడిన వాళ్ళెవరూ ఈ ప్రశ్న వేయలేదు. "వీడు రాత్రి ఎక్కడ పడుకుంటాడు?" అని అడగడానికి ఆ పాత ఆటల్లో అలా వెంబడించే మనుషులు దాదాపు లేరు మరి.

కథ 1984 నుంచి మొదలుపెట్టాలి. విల్ రైట్ అనే కుర్ర ప్రోగ్రామర్ కమోడోర్ 64 కోసం 'రెయిడ్ ఆన్ బంజెలింగ్ బే' అని ఒక గేమ్ రాశాడు. హెలికాప్టర్‌లో తిరుగుతూ దీవుల మీద ఉన్న ఫ్యాక్టరీలను బాంబులేసి పడగొట్టడం, అదీ ఆట. ఆ దీవులు గీయడానికి అతను తన కోసం ఒక ఎడిటర్ రాసుకున్నాడు. రోడ్లు వేయడం, ఇళ్ళు పెట్టడం. పడగొట్టడం కంటే కట్టడమే సరదాగా ఉందని అతనికి అర్థమైంది. దాన్నే పెంచి ఒక నగరం ఆట చేశాడు. పబ్లిషర్లకి నచ్చలేదు. గెలుపు లేదు, ఓటమి లేదు, ముగింపు లేదు, ఇదేం ఆట అన్నారు. చివరికి జెఫ్ బ్రాన్‌తో కలిసి 1987లో మాక్సిస్ అనే కంపెనీ పెట్టుకున్నాక, 1989లో సిమ్‌సిటీ బయటికొచ్చింది.

నగరం ఎలా పనిచేస్తుందో రైట్‌కి చెప్పింది ఎవరు? చాలా పుస్తకాలు చదివాడు కానీ, వాటిలో ముఖ్యమైనది 1969 నాటి 'అర్బన్ డైనమిక్స్'. రాసింది జే ఫారెస్టర్. ఈయన ఎంఐటీ ఇంజనీరు, కంప్యూటర్లకు మాగ్నెటిక్ కోర్ మెమరీ తయారుచేసిన వాళ్ళలో ముఖ్యుడు. నగరాల మీద చదువేమీ లేదు. బోస్టన్ మేయర్‌గా దిగిపోయి ఎంఐటీకి వచ్చిన జాన్ కాలిన్స్‌తో మాటలు కలిసి, ఆ మాటల్ని సమీకరణాలుగా మార్చి, 250 ఏళ్ళ నగర జీవితాన్ని కంప్యూటర్‌లో నడిపించాడు. తేలిందేమిటంటే, పేదలకు చవక ఇళ్ళు కట్టిస్తే నగరం ఇంకా చెడిపోతుంది, మురికివాడలు కొంత పడగొట్టి ఆ స్థలం వ్యాపారాలకిస్తే బాగుపడుతుంది. ఆ మోడల్‌లో శివార్లు లేవు, నగరం బయట ఉన్నదంతా హద్దు లేని శూన్యం. పడగొట్టిన ఇళ్ళల్లోవాళ్ళు ఆ శూన్యంలోకి పోతారు, లెక్కలోంచి తప్పుకుంటారు. అప్పట్లోనే దీని మీద గట్టి విమర్శలొచ్చాయి. కోడ్ రాసే నాలాంటివాళ్ళకి ఇందులో తెలిసిన రుచి ఒకటి తగులుతుంది. సిస్టమ్ బౌండరీ ఎక్కడ గీశామన్నదే సగం జవాబు. గీసినవాడు మాత్రం ఆ జవాబు కంప్యూటర్ ఇచ్చిందంటాడు.

మొదటి సిమ్‌సిటీ సోర్స్‌కోడ్‌ని 2008లో 'మైక్రోపోలిస్' పేరుతో ఓపెన్‌సోర్స్ చేశారు. ఓపికున్నవాళ్ళు చదవొచ్చు. నేను చదివాను, చదివి కాసేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. ట్రాఫిక్ లెక్క ఎలా ఉంటుందంటే, ఒక ఇళ్ళ జోన్ పక్కనున్న రోడ్డెక్కి, కూడలి వచ్చినప్పుడల్లా ఎటో ఒకవైపు గుడ్డిగా తిరుగుతూ, 30 గడుల లోపు పనికొచ్చే జోన్ ఏదైనా తగులుతుందా అని చూస్తుంది. తగిలితే సరే, ఆ దారి మీద ట్రాఫిక్ కాస్త పెంచు. తగలకపోతే జోన్‌కి రోడ్డు సరిగా లేనట్టు. అంతే. తెర మీద కదిలే కార్లు ఎక్కడికీ వెళ్ళవు, ఆ గడిలో ట్రాఫిక్ అంకె ఎంతుందో దాన్ని బట్టి ఆడే బొమ్మలు. మ్యాప్ మొత్తం 120 గడుల వెడల్పు, 100 గడుల ఎత్తు. పైగా రైలు పట్టాలకి ట్రాఫిక్ అనేదే లేదు. అందుకని ఆటగాళ్ళు ఊరంతా రోడ్లు పీకేసి పట్టాలు వేసేవాళ్ళు. ఆ గేమ్‌లో '1965, బెర్న్' అని ట్రాఫిక్ తగ్గించాల్సిన ఒక ఘట్టం ఉంది, దానికి అందరూ చెప్పుకునే పరిష్కారం ఇదే. మోసమే. కానీ ఎవరికీ కోపం రాలేదు. అది బొమ్మల నగరమని అందరికీ తెలుసు.

తర్వాత 1993లో సిమ్‌సిటీ 2000, 1999లో సిమ్‌సిటీ 3000. వీటి గురించి ఇక్కడ పెద్దగా చెప్పను. బొమ్మలు అందంగా అయ్యాయి, భూమి కింద నీళ్ళ పైపులొచ్చాయి, మధ్యలో 1997లో మాక్సిస్‌ని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. 2003లో వచ్చిన సిమ్‌సిటీ 4 దగ్గర మాత్రం ఆగాలి. అందులో ఒక్క ఊరు కాదు, పక్కపక్కనే బోలెడు ఊళ్ళు. ఈ ఊళ్ళో ఉంటూ పక్కూళ్ళో ఉద్యోగం చేయొచ్చు. కానీ గేమ్ ఒకసారి ఒక ఊరినే నడపగలదు. దాంతో ఒక వింత పుట్టింది. పని కోసం హద్దు దాటిన మనిషి పక్క ఊళ్ళోకి వెళ్తాడు, అక్కడి లెక్క ప్రకారం ఇంకో హద్దు దాటి మూడో ఊరికి వెళ్తాడు, అక్కణ్ణుంచి మళ్ళీ మొదటి ఊరికి. ఎక్కడా ఉద్యోగం చేయడు, ఎక్కడా ఇల్లు చేరడు. ఆటగాళ్ళు వీళ్ళకి 'ఎటర్నల్ కమ్యూటర్స్' అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లో ఇల్లొక మూలా ఆఫీసొక మూలా ఉన్నవాళ్ళకి దీన్ని బగ్ అంటే నమ్మబుద్ధి కాదు. తమాషా ఏంటంటే ఆటగాళ్ళు ఈ గేమ్‌ని విసుక్కుంటూనే బాగుచేసుకున్నారు. నెట్‌వర్క్ యాడాన్ మాడ్ అని ఒక బృందం రోడ్లు, రైళ్ళు, దారి వెతికే లెక్కలు అన్నీ తిరగరాస్తూ వచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

మళ్ళీ 2013కి వద్దాం. ఈసారి మాక్సిస్ గ్లాస్‌బాక్స్ అనే కొత్త ఇంజన్‌తో వచ్చింది. ఇక అంకెల మీద బొమ్మలు కాదు, కనపడేదే లెక్క అన్నారు. ప్రతి మనిషి, ప్రతి కారు, చివరికి కరెంటు, నీళ్ళు, మురుగు కూడా రోడ్డు వెంట కదిలే చిన్న ఏజెంట్లు. వినడానికి చాలా బాగుంది. కానీ ప్రతి మనిషినీ నడిపించాలంటే ప్రాసెసర్ తట్టుకోవాలి కదా. అందుకని ఊరిని సుమారు 2 కిలోమీటర్ల చదరంలోకి కుదించారు. మనుషుల జ్ఞాపకాన్ని తీసేశారు, అందుకే వాళ్ళకి ఇల్లు గుర్తుండదు. విశాలమైన అవెన్యూ ఖాళీగా ఉన్నా కార్లన్నీ దగ్గరి దారని మట్టి రోడ్డు మీదే బారులు తీరేవి. ఇదంతా చాలదన్నట్టు, గేమ్ ఫైళ్ళు తవ్విన ఆటగాళ్ళకి 'గెట్ ఫడ్జ్‌డ్ పాపులేషన్' అనే ఫంక్షన్ దొరికింది. పేరే చెప్తోంది. ఊరు ఒక సైజు దాటాక, తెర మీద చూపించే జనాభా నిజంగా నడుస్తున్న మనుషుల కంటే చాలా ఎక్కువ. రాసిన ప్రోగ్రామర్ నిజాయితీపరుడు, లేకపోతే ఆ పేరు పెట్టడు.

ఇక సర్వర్ల గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒంటరిగా ఆడుకునే ఆటకి కూడా ఇంటర్నెట్ తప్పనిసరి చేశారు. విడుదల రోజే సర్వర్లు కూలాయి. భారం తగ్గించడానికి ఆటలో అన్నిటికంటే వేగమైన 'చీతా స్పీడ్' తీసేశారు. అమెజాన్ కొన్నాళ్ళు డౌన్‌లోడ్ అమ్మకాలు ఆపేసింది. లెక్కల్లో చాలా భాగం మా సర్వర్లలోనే జరుగుతోంది, అందుకే ఇంటర్నెట్ అన్నారు. కొద్ది రోజుల్లోనే ఒక ఆటగాడు కోడ్ మార్చి, కనెక్షన్ లేకుండా ఊరు హాయిగా నడుస్తుందని చూపించాడు. క్షమాపణగా ఒక పాత గేమ్ ఉచితం అన్నారు. ఇచ్చిన జాబితాలో సిమ్‌సిటీ 4 కూడా ఉంది! సరిగ్గా ఏడాదికి, 2014 మార్చిలో, ఆఫ్‌లైన్ మోడ్ వచ్చింది. అప్పటికి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2015 మార్చి 4న ఎమరీవిల్‌లోని మాక్సిస్ స్టూడియో మూసేశారు.

మార్చి 10న, అంటే ఆరు రోజులకి, సిటీస్: స్కైలైన్స్ వచ్చింది. ఫిన్లండ్‌లోని టాంపెరే నుంచి కలోసల్ ఆర్డర్ అనే స్టూడియో. పట్టుమని పదిహేనుమంది లేరు. ఒక్క రోజులో 2,50,000 కాపీలు అమ్ముడుపోయాయి. ఇక్కడ మనిషికి సొంత ఇల్లుంది, సొంత ఉద్యోగముంది, నొక్కితే పేరొస్తుంది, ఆ పేరు మనం మార్చొచ్చు కూడా. మరి ప్రాసెసర్ సంగతి? ఒకేసారి రోడ్డు మీద తిరగగలిగే మనుషులు 65,536. వాహనాలు 16,384. నాలాంటివాళ్ళు ఆ అంకెలు చూడగానే నవ్వుకుంటారు, 2 మీద 16, 2 మీద 14. ఊరు పెద్దదయ్యేకొద్దీ మిగతావాళ్ళు ఇళ్ళల్లోనే ఉండిపోతారు. జామ్‌లో మరీ ఎక్కువసేపు ఇరుక్కున్న కారు మాయమైపోతుంది. కొత్త కాలనీ ఒకేసారి కట్టారనుకోండి, ఒకే వయసు వాళ్ళంతా ఒకేసారి చేరతారు, ఏళ్ళు గడిచాక అందరూ ఒకే వారంలో పోతారు. శవాల బళ్ళు చాలవు. దీనికి 'డెత్ వేవ్' అని పేరు. ఇన్ని లోపాలున్నా ఆటగాళ్ళు క్షమించారు. ఇంటర్నెట్ అడగలేదు, మాడ్‌లకి తలుపు తీసి పెట్టారు. తప్పు దొరికితే మనమే దిద్దుకోవచ్చన్న చోట కోపం అంతగా నిలవదనుకుంటా.

నాకు వచ్చిన కోపం వేరే. ఎడమవైపు నడిచే ట్రాఫిక్ పెట్టుకునే వీలుంది కదా అని మా వీధి కట్టబోయాను. కుదర్లేదు. కింద కిరాణా కొట్టు, పైన ఓనర్లు, ఆ పైన పెంట్‌హౌస్‌లో అద్దెకి బ్యాచిలర్లు. 1989 నుంచీ ఈ ఆటలన్నిటిలో నేలకి ప్రధానంగా మూడు రంగులే, ఇళ్ళు, దుకాణాలు, పరిశ్రమలు. అమెరికన్ జోనింగ్ చట్టం మన కంప్యూటర్‌లోకి అలా వచ్చి కూర్చుంది. కింద కొట్టు పైన ఇల్లు ఉన్న జోన్ కావాలంటే స్కైలైన్స్ రెండో భాగం దాకా ఆగాల్సొచ్చింది. అమెరికాలోని నిజమైన నగరమూ ఇందులో లేదనుకోండి. 2013 గేమ్ డిజైనర్ స్టోన్ లిబ్రాండే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు, నిజమైన పార్కింగ్ స్థలాలు కొలిచి చూస్తే ఊరంతా పార్కింగే అయిపోయేలా ఉందట. అందుకని పార్కింగ్ అంతా భూమి కింద ఉన్నట్టు అనుకోమన్నారు. కార్ల కోసం ఎంత నేల పోతుందో ఒక తరం పిల్లలు ఆ ఆటలో చూడలేదు.

రెండో స్కైలైన్స్ 2023 అక్టోబర్ 24న వచ్చింది. ఈసారి ఆ 65,536 లాంటి హద్దులు తీసేశామన్నారు. మంచి గ్రాఫిక్స్ కార్డులు కూడా నీరసించిపోయాయి. ఆటగాళ్ళు మళ్ళీ తవ్వారు. ఆకాశంలోంచి చూస్తే చీమంత కనపడే మనిషి నోట్లో పళ్ళన్నీ విడివిడిగా చెక్కి ఉన్నాయి! అంతకంటే నొప్పించింది ఆర్థిక వ్యవస్థ. ఎంత చెత్తగా పాలించినా ఊరు దివాలా తీయదు, గవర్నమెంటు సబ్సిడీ వెనకనుంచి నింపుతూ ఉంటుంది. తీసుకున్న నిర్ణయాలకి విలువే లేదని తెలిశాక ఆట ఎలా ఆడతాం? 2024 జూన్‌లో ఎకానమీ మొత్తం తిరగరాసి సబ్సిడీలు తీసేశారు. అద్దెలు ఎక్కువయ్యాయని ప్రతి ఇంటి మీదా గుర్తు వెలిగే సమస్యకి, లెక్కల మధ్యలో కూర్చున్న కనపడని ఇంటి ఓనర్‌ని తీసేసి పరిష్కారం చూపారు. బెంగళూరులో అద్దెకుండే మిత్రులకి ఈ ప్యాచ్ నోట్సు పంపిస్తే, ఇక్కడెప్పుడు రిలీజ్ చేస్తారు అని అడిగారు.

1989 నుంచి ఇప్పటిదాకా ఆటగాళ్ళు అడగని లోపం లేదు. లేన్లు, చెత్తబళ్ళు, శవాలు, పళ్ళు. నేను చదివిన ఫిర్యాదుల్లో ఒక్కటి మాత్రం ఎప్పుడూ తగల్లేదు. ప్రతి ఊరూ ఖాళీ నేలతో మొదలవుతుంది, అంతకుముందు అక్కడ ఎవరూ లేరు. రోడ్డు వెడల్పు చేయాలంటే ఒక క్లిక్కు. అడ్డొచ్చిన ఇళ్ళు దుమ్ము రేపుకుంటూ కూలతాయి. కోర్టు స్టే లేదు, పరిహారం లేదు, మన ఊళ్ళల్లోలాగా సగం తెగిన గోడకి రంగు అంటుకుని మిగిలిన పడగ్గది కూడా కనపడదు. ఫారెస్టర్ శూన్యం ఇంకా అక్కడే ఉంది, మనకి అది సౌకర్యంగా ఉంది. నాక్కూడా.

మొదటి స్కైలైన్స్‌లో ఒకసారి నదివైపు వీధిలో ఒక ముసలాయన మీద నొక్కి, మా తాతయ్య పేరు పెట్టాను. కొన్నాళ్ళు ఆయన వెనకాలే తిరిగాను. పార్కుకి వెళ్ళేవాడు, బస్సెక్కేవాడు, తిరిగి అదే ఇంటికి వచ్చేవాడు. తర్వాత జామ్ ఎక్కువై ఆ వీధిని ఆరు లేన్లు చేశాను. ట్రాఫిక్ బాగానే కదిలింది. ఇల్లు పోయిందని నాకు గుర్తొచ్చింది మర్నాడు. మనిషి పేరుతో వెతికే మెనూ ఆ గేమ్‌లో లేదు. నదివైపు బస్‌స్టాపుల్లో నిలబడ్డవాళ్ళ మీద ఒక్కొక్కరి మీదా నొక్కుతూ కాసేపు చూశాను.