కరణి: వర్గమూలానికి మన పాత పేరు

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట చరిత్ర చెప్పుకుందాం. ఆ మాట కరణి.

తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం తీయండి. ఇంగ్లీషులో రేషనల్ అన్నదాన్ని తెలుగులో అకరణీయ సంఖ్య అంటాం, ఇర్రేషనల్‌ని కరణీయ సంఖ్య అంటాం. అంటే కాదు అని చెప్పే ముక్క వాళ్లకు ఒకదానికి తగిలితే, మనకు రెండోదానికి తగిలింది. పిల్లలు తికమకపడేది ఇక్కడే. అది అచ్చుతప్పు మాత్రం కాదు.

కరణి అంటే చేసేది. యజ్ఞవేదికలను తాడుతో ఎట్లా కొలవాలో చెప్పినవి శుల్బసూత్రాలు. బౌధాయనుడివి, ఆపస్తంబుడివి క్రీస్తుకు ముందటివే. ఒక చదరానికి రెట్టింపు వైశాల్యం ఉన్న చదరాన్ని చేసే భుజానికి వాళ్లు పెట్టిన పేరు ద్వికరణి. అదే మన √2. దాని విలువ 577/408 వచ్చేలా లెక్క చెప్పారు. ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది! తర్వాత పూర్తిగా తేలని వర్గమూలాలకు ఆ పేరే స్థిరపడింది. కరణి అవసరమైనది కరణీయం, అవసరం లేనిది అకరణీయం. ఇట్లా గుర్తుపెట్టుకుంటే ఇంక తికమక ఉండదు.

ఇప్పుడు √2 + √8 ఎంత? చాలామంది పిల్లలు √10 అని రాస్తారు. కరణి అర్థం తెలిస్తే అట్లా రాయరు. మా దగ్గర ప్లాటు 200 గజాలంటే అది వైశాల్యం, ముఖం ఎంత అని వేరే అడుగుతాం. పక్కపక్కన రెండు చదరపు ప్లాట్లు ఉన్నాయనుకోండి, ఒకటి 200 గజాలు, ఇంకోటి 800. రెండోది నాలుగింతలు కాబట్టి దాని ముఖం రెండింతలు. రెండూ కలిపితే మొదటిదానికి మూడింతల ముఖం, సుమారు 42.4 గజాలు. అంత ముఖం ఉన్న చదరం 1800 గజాలది, 1000 గజాలది కాదు. 1000 అనుకుంటే ముఖం 31.6 గజాలే అవుతుంది. దాదాపు 11 గజాలు పోయినట్టే!

సరిగ్గా ఈ 2, 8 లెక్కనే భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో బీజగణితంలో ఇచ్చాడు. అప్పటికి √ గుర్తు లేదు. అది 1525లో జర్మనీలో రుడాల్ఫ్ పుస్తకంలో అచ్చయింది. మనవాళ్లు సంఖ్య ముందు 'క' అని రాసేవాళ్లు. ఆయన పద్ధతి ఇది: రెండూ కూడితే 10. రెండూ గుణిస్తే 16, దాని మూలం 4, దానికి రెట్టింపు 8. పదీ ఎనిమిదీ కూడితే 18, అదే మొత్తం: √18, అంటే 3√2. తీసేస్తే 2, అదే తేడా: √2. ఆయనే 3, 7 కూడా ఇచ్చాడు. వాటి గుణకారం 21, దానికి మూలం తేలదు. కాబట్టి √3 + √7ని కలపొద్దు, విడిగానే ఉంచాలి.

2022–23 నుంచి మన సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. పిల్లలకు ఇక వినపడేది సర్డ్ అనే మాటే. అరబ్బులు ఈ సంఖ్యలను చెవిటివి అన్నారు. అది లాటిన్‌లోకి వెళ్లి సర్డ్ అయింది. ఆ పేరులో లెక్కకు దారి దొరకదు, కరణిలో దొరుకుతుంది. మీడియం ఏదైనా ఉండనీ, ఈ ఒక్క మాట పిల్లలకు చెప్పండి.

భాస్కరుడిదే ఇంకో లెక్క ఇస్తున్నా: √3 + √27. √30 రాకూడదు. √48 వస్తే మీకు కరణి అర్థమైనట్టే. ఉంటానండి.