నల్లరాతి గుట్టపై వేల ఏళ్ల నాటి ఎద్దులు
చెరిగిపోక ముందే చూడవలసిన సీమ చరిత్ర

తిరుపతి: అలిపిరి నుంచి కాలినడకన తిరుమల కొండ ఎక్కే భక్తులు దారి మొదట్లోనే ఒక పెద్ద బండరాయి వద్ద ఆగుతారు. దాని పేరు తలయేరు గుండు. ఆ రాతిపై ఆంజనేయస్వామి రూపం చెక్కి ఉంటుంది. తలను, మోకాళ్లను ఆ గుండుకు ఆనిస్తే ఒంటి నొప్పులు పోతాయని భక్తుల నమ్మకం. తరతరాలుగా అలా ఆనించడం వల్లనే రాతిపై గుంటలు పడ్డాయని పెద్దలు చెబుతారు. అక్కడ ఆ అరుగుదలే భక్తికి గుర్తు.

రాయలసీమలో మరొక రకం బండలు ఉన్నాయి. వాటికి మెట్లు లేవు, పూజలు లేవు, చాలాచోట్ల కాపలా కూడా లేదు. ఈ నేలపై రాత పుట్టక మునుపే పశువుల కాపరులు వాటిపై ఎద్దులను, మనుషులను చెక్కారు. అక్కడ అరుగుదల భక్తి కాదు, నష్టం. ఒక్కసారి అరిగిన బొమ్మ మళ్లీ రాదు. గుట్టలెక్కే అలవాటు యువతలో పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ చెక్కడాలు ఏమిటి, ఎక్కడ ఉన్నాయి, వాటిని ఎలా చూడాలి అన్నది తెలుసుకోవలసిన విషయం.

చెక్కడం వేరు, చిత్రం వేరు

రాతిపై ఆదిమానవుడు మిగిల్చిన బొమ్మలు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది రంగుతో వేసిన చిత్రం. ఎర్రమన్ను, తెల్లసుద్ద వంటి వాటితో రాతి ఆశ్రయాల లోపలి గోడలపై వేసినవి ఇవి. కడప జిల్లా ముద్దనూరు మండలంలోని చింతకుంట శిలాచిత్రాలు ఈ కోవకు చెందుతాయి. పైన రాతికప్పు ఉండి, వాన తగలని చోట మాత్రమే ఇవి నిలుస్తాయి.

రెండవది చెక్కడం. ఆరుబయట ఎండకు, వానకు ఉన్న బండపై గట్టి రాయితో పదేపదే కొట్టి రూపం తీసుకురావడం దీని పద్ధతి. ఇందుకు అనువైనది డోలరైట్ అనే నల్లరాయి. వేల ఏళ్లు గాలికి, ఎండకు ఉన్న డోలరైట్ బండపై ముదురు రంగు పొర ఏర్పడుతుంది. దెబ్బ తగిలిన మేర ఆ పొర ఊడి, లోపలి లేతరంగు బయటపడుతుంది. ఆ రంగు తేడాయే బొమ్మ. అంటే శిల్పి ఉలితో తొలిచినట్లు లోతుగా తొలచిన పని కాదు; పైపొరను మాత్రమే కొట్టిన పని. అందుకే అది బండంత గట్టిదిగా కనిపించినా నిజానికి చాలా సున్నితమైనది.

కాలక్రమంలో ఆ లేతరంగు మళ్లీ ముదురుతుంది. ఒకే బండపై బాగా నల్లబడిన బొమ్మ పాతదని, తెల్లగా మెరిసే బొమ్మ కొత్తదని పరిశోధకులు అంచనా వేసేది దీనిని బట్టే. ఒక బొమ్మపై మరొకటి పడి ఉంటే కింది దానిని ముందటిదిగా లెక్కిస్తారు.

కుప్గల్: సీమకు తెలిసిన పెద్ద గ్యాలరీ

ఇటువంటి చెక్కడాలకు దక్షిణ భారతంలో పేరెన్నిక గన్న చోటు బళ్లారి నగరానికి ఈశాన్యంగా ఉన్న కుప్గల్ గుట్ట. స్థానికులు దీనిని హిరేగుడ్డ, అంటే పెద్ద గుట్ట అంటారు. ఆంగ్లేయుల కాలంలో పీకాక్ హిల్ అనే పేరు కూడా ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి, కడప, కర్నూలు, అనంతపురాలతో పాటు దత్త మండలాలలో ఒక భాగం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రమే ఆంధ్రకు వచ్చాయి; మిగతా భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. రాష్ట్రపు గీత మారినా ఆ గుట్ట చరిత్ర సీమ చరిత్ర నుంచి వేరు కాలేదు.

గ్రానైట్ కొండను చీల్చుకుని నల్లని డోలరైట్ కట్ట ఒకటి ఇక్కడ సాగుతుంది. చెక్కడాలలో అత్యధికం ఆ కట్ట బండలపైనే ఉన్నాయి. హ్యూబర్ట్ నాక్స్ అనే అధికారి వీటిని గుర్తించగా, ఎఫ్. ఫాసెట్ 1892లో వీటి గురించి ప్రచురించారు. ఆ తరువాత లోకం వీటిని దాదాపు మరచిపోయింది. ఆనాడు తీసిన ఫొటోలు కూడా సరిగా నిలవలేదు. 2002 నుంచి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నికోల్ బోయివిన్ మళ్లీ ఈ బండలను పరిశీలించారు. కర్ణాటక విశ్వవిద్యాలయ ఆచార్యుడు రవి కోరిశెట్టర్ తదితరులతో కలిసి సాగిన పరిశోధన అది. 2004లో 'యాంటిక్విటీ' పత్రికలో వెలువడిన వ్యాసంతో కుప్గల్ పేరు ప్రపంచానికి మళ్లీ తెలిసింది.

బొమ్మలలో ఎక్కువ భాగం మూపురం గల, పొడవాటి కొమ్ముల ఎద్దులు. మనుషుల రూపాలు కూడా ఉన్నాయి. కొన్ని బొమ్మలు మనిషి సులువుగా నిలబడలేని చోట, బండ అంచున వేలాడుతూ చెక్కి ఉండవలసిన చోట కనిపిస్తాయి. చూపరుల కోసమే చెక్కి ఉంటే అంత కష్టం అవసరం లేదు. చెక్కే పనికే ఏదో ప్రాముఖ్యం ఉండి ఉంటుందని పరిశోధకులు భావించడానికి ఇది ఒక కారణం.

మోగే బండలు

కుప్గల్‌లోని మరొక విశేషం శబ్దం. అక్కడి కొన్ని డోలరైట్ బండలపై గ్రానైట్ రాయితో కొడితే గంట మోగినట్లు స్పష్టమైన నాదం వస్తుంది. అటువంటి బండలపై పదేపదే కొట్టడం వల్ల పడిన చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. బొమ్మలు చెక్కే సమయంలోనో, ఏదైనా కార్యం జరిగే సమయంలోనో ఈ బండలను మోగించి ఉంటారని పరిశోధకుల ఊహ. బొమ్మ, నాదం కలిసి ఉన్న అరుదైన చోటుగా దీనికి గుర్తింపు లభించింది.

ఎవరా జనం?

సంగనకల్లు, కుప్గల్ పరిసరాలలో నివసించినవారు కొత్తరాతి యుగపు పశుపోషకులు. వీరి నివాసాలలో ముఖ్యమైనవి క్రీస్తు పూర్వం రెండవ సహస్రాబ్దికి చెందుతాయి. హిరేగుడ్డపై నల్లరాతి గొడ్డళ్లు తయారుచేసిన పనిచోటు కూడా బయటపడింది. బొమ్మలు చెక్కిన రాయీ, గొడ్డలికి వాడిన రాయీ ఒకటే.

వీరి తిండిగింజలు తెలిస్తే సీమ రైతు ఆశ్చర్యపోతాడు. తవ్వకాలలో దొరికిన మాడిన గింజలలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి. వాన తక్కువైన నేలలో ఏ పంట నిలుస్తుందో నాటి మనిషికి నేటి రైతుకు తెలిసినట్లే తెలుసు. పశువుల పేడను పెద్ద ఎత్తున కాల్చగా ఏర్పడిన బూడిద దిబ్బలు కూడా ఈ జనానివే. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరులో 1957లో జరిపిన తవ్వకాల ఆధారంగా రేమండ్ ఆల్చిన్ ఈ విషయాన్ని నిరూపించారు. అనంతపురం జిల్లా పాలవాయి వద్ద కూడా బూడిద దిబ్బ ఉంది. ఇదే జిల్లాలోని వేల్పుమడుగు వద్ద బండ చెక్కడాలు నమోదయ్యాయి.

ఎద్దే వారి సంపద. బండపై ఎద్దు బొమ్మ అన్నిటికన్నా ఎక్కువగా ఉండటంలో వింత లేదు.

అన్ని బొమ్మలూ ఆ కాలానివి కావు. తరువాతి తరాలు కూడా అదే బండలపై తమ బొమ్మలను కొట్టాయి. చివరికి నేటి మనిషి తన పేరును కూడా చెక్కాడు. మొదటివి చరిత్ర, చివరిది ఆ చరిత్రకు తగిలిన గాయం.

అసలు ముప్పు క్వారీ

ఎండ, వాన వేల ఏళ్లలో చేయలేని పని పేలుడు మందు ఒక్క పూటలో చేస్తుంది. కుప్గల్ గుట్టపై రాతి తవ్వకాల వల్ల కొన్ని చెక్కడాలు దెబ్బతిన్న సంగతిని పరిశోధకులు 2004 నాటికే లోకం దృష్టికి తెచ్చారు. గుట్ట ఒక భాగం పోతే దానితో బొమ్మ పోతుంది, మోగే బండ పోతుంది, పక్కనున్న నివాస స్థలపు ఆనవాళ్లు పోతాయి.

ఇది బళ్లారి కథ మాత్రమే అనుకోరాదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు గ్రానైట్ నేలను కోస్తూ నల్లని డోలరైట్ కట్టలు అనేకం ఉన్నాయి. సమాధి రాళ్లకు, అంతస్తుల గచ్చులకు గిరాకీ గల బ్లాక్ గ్రానైట్‌గా వ్యాపారంలో పిలిచే రాయి ఇదే. ఆదిమానవుడు బొమ్మ చెక్కడానికి ఎంచుకున్న రాతికే నేడు మార్కెట్‌లో విలువ ఉంది. రేణిగుంట పరిసరాలలో కొత్తరాతి యుగానికి ఎంతో ముందు కాలపు రాతి పనిముట్లను 1960లలోనే ఎం.ఎల్.కె. మూర్తి అధ్యయనం చేశారు. మనిషి అంత పాతకాలం నుంచి తిరిగిన నేల ఇది. కనుక ఇక్కడి నల్లరాతి కట్టలను తవ్వకానికి ఇచ్చే ముందు ఒకసారి నిశితంగా పరిశీలించడం అవసరం. బొమ్మ ఉందో లేదో చూడటానికి పట్టేది కొన్ని రోజులు. పోయిన తరువాత వెతకడానికి చోటే ఉండదు.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. 2010లో జరిగిన సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిర్మాణాలు, తవ్వకాలు నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షిత స్థలాన్ని ధ్వంసం చేసినా, రూపు చెరిపినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రాష్ట్ర రక్షణలోని స్థలాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది.

అయితే జాబితాలోకి ఎక్కని బండకు ఈ రక్షణ దక్కదు. ఏర్పేడు మండలం గుడిమల్లంలోని పరశురామేశ్వర లింగానికి కేంద్ర రక్షణ ఉంది. ఊరి వెనుక గుట్టపై ఎవరూ నమోదు చేయని ఎద్దు బొమ్మకు ఆ ఊరి మనుషులే రక్షణ.

చూడదలచినవారికి

దారి: తిరుపతి వైపు నుంచి వెళ్లేవారికి రేణిగుంట - గుంతకల్లు రైలు మార్గం అనుకూలం. కడప, ఎర్రగుంట్ల దాటాక ముద్దనూరు స్టేషన్ వస్తుంది. చింతకుంట చిత్రాలకు అక్కడ దిగాలి. గుంతకల్లు నుంచి బళ్లారికి రైలు, బస్సు సౌకర్యాలు ఉన్నాయి. బళ్లారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల ఉంది. గుట్టకు వెళ్లే ముందు దానిని చూస్తే బండపై ఏమి వెతకాలో కంటికి అలవాటవుతుంది.

కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మేలు. వేసవిలో నల్లబండలు కాలి, నీడ దొరకదు. ఒక్కొక్కరు కనీసం మూడు లీటర్ల నీరు వెంట ఉంచుకోవాలి.

వేళ: ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో బొమ్మలు స్పష్టంగా తేలుతాయి. మిట్టమధ్యాహ్నం ఎదుటనే ఉన్నా కనిపించవు. ఒకే బండను రెండు వైపుల నుంచి చూడాలి.

జాగ్రత్తలు: ఒంటరిగా వెళ్లరాదు. ఆ గుట్టపై పశువులను, మేకలను తోలే స్థానికుడిని వెంట తీసుకెళ్లడం ఉత్తమం. పాములు, తేనెపట్టులు, కొన్ని గుట్టలలో ఎలుగుబంట్లు ఉంటాయి. అటవీ భూమి అయితే ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

చేయరానివి

బొమ్మ బాగా కనిపించాలని సుద్దముక్కతో గీత దిద్దరాదు. నీళ్లు చల్లి తుడవరాదు. కాగితం పరచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయరాదు. మోగే బండలను సరదాకు కొట్టరాదు. ప్రతి దెబ్బ పాత గుంటను చెరుపుతుంది. బొమ్మలున్న బండపై నడవరాదు, కూర్చోరాదు. రాతి ఆశ్రయాలలో వంట చేయరాదు. పొగ పట్టిన చిత్రాన్ని శుభ్రం చేయడం నిపుణులకు కూడా కష్టం.

ఆఫ్రికాలోని నమీబియా దేశంలో ట్వైఫెల్‌ఫాంటైన్ అనే ఎడారి లోయ ఉంది. అక్కడ రెండు వేలకు పైగా బండ చెక్కడాలు ఉన్నాయి. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ చోటుకు సందర్శకులు మార్గదర్శి వెంటే, నిర్ణీత బాటలోనే నడవాలి. చూపించడం, కాపాడటం రెండూ కలిసి సాగగలవని ఆ ఏర్పాటు చూపిస్తోంది. మార్గదర్శులుగా స్థానికులే ఉంటే వారికి ఉపాధి, బండకు కాపలా ఒకేసారి దొరుకుతాయి.

కొత్తగా కనిపిస్తే

గుట్టలపై తిరిగేవారికి నమోదు కాని చెక్కడం కనిపిస్తే ముట్టకుండా ఫొటో తీయాలి. పరిమాణం తెలిసేలా పక్కన స్కేలునో, నాణేన్నో నేలపై ఉంచాలి. గ్రామం, గుట్ట పేరు, సర్వే నంబరు తెలిస్తే అది, ఫోనులో చూపే అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలి. ఆ వివరాలను పురావస్తు శాఖకు, మండల తహసీల్దారుకు లిఖితపూర్వకంగా తెలపాలి. సామాజిక మాధ్యమాలలో చోటు వివరాలు పెట్టడం మాత్రం తగదు. కాపలా లేని చోటుకు జనం తాకిడి పెరిగితే మొదట పోయేది బొమ్మే.

దారి చూపగలిగేది తరచుగా ఆ గుట్టపై మేకలు మేపే మనిషే. నాలుగు వేల ఏళ్ల కిందట అదే గుట్టపై పశువులను కాసిన మనిషి చెక్కిన ఎద్దును అతడు చిన్ననాటి నుంచి చూస్తూనే ఉంటాడు. అది పాతకాలపుదని, విలువైనదని అతనికి ఒకరు చెబితే చాలు. మిగతా కాపలా అతనే కాస్తాడు.