అంగన్‌వాడీ సోయా పిండి కథ

అంగన్‌వాడీల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇచ్చిన పసుపుపచ్చ పిండి యాదికుందా? మక్కలు, సోయా కలిపిన అమెరికా పిండి అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కేర్ సంస్థ చానా ఏండ్లు పంచింది.

పచ్చి సోయా సరిగ అరగదు, బాగ వేడి చేస్తే ఆ దోషం తగ్గుతది. సోయా పడని పిల్లలు కొందరుంటరు. పెద్ద పంచాయితీ మాత్రం మక్కల కాడ వచ్చింది. స్టార్‌లింక్ అనే జన్యుమార్పిడి మక్కకు అమెరికా 1998లో పశువుల దాణాకే అనుమతిచ్చింది, మనుషులకు అలర్జీ రావచ్చని. 2000లో అది అక్కడి జనం తినే సరుకుల్లోనే దొరికింది. 2002-03లో మన కేంద్ర జీఈఏసీ కమిటీ, ఆ మక్క లేదని రాసియ్యమంది. అమెరికా రాసియ్యలేదు. సరుకు ఆగింది.

దాణా సంచి, మన సంచి మనం వేరుగ పెట్టుకుంటం. కడుపుతోని ఉన్న ఆడబిడ్డకు ఇచ్చే పిండిల ఏముందో ముందే చెప్పాలె గదా. ఇయ్యాల బాలామృతం ప్యాకెట్ మీద రాసింది కూడ ఒకసారి చదువుండ్రి.