లావెక్కిన ఫ్యూజు తీగ

కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే రోడ్డు మీదుంది మాచారెడ్డి. అక్కడి ఇళ్లలో కరెంటు కథ చెప్పాలంటే ముందు నీళ్ల సంగతి చెప్పాలి. మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. ఆ నీటితో కరెంటు తీసే కేంద్రం 1950లలో వచ్చింది. రెండూ ఇప్పటి కామారెడ్డి జిల్లాలోవే. కాలువ మాత్రం బాన్సువాడ, బోధన్ వైపు పోయింది, తూర్పున ఉన్న మాచారెడ్డికి రాలేదు. ఇక్కడి సేద్యం మొదట బావుల మీద, తర్వాత బోర్ల మీద నడిచింది. బోరంటే మోటారు, మోటారంటే స్టార్టర్ డబ్బా, డబ్బా అంటే ఫ్యూజు. మడి ఎండిపోతుంటే లైన్‌మన్ కోసం ఎవరు ఆగుతారు? ఫ్యూజు కట్టడం రైతు చేతికి అలా అలవాటైంది. ఇంటి ఫ్యూజు పెట్టెకు పట్టిన గతికి మూలం ఆ చేతివాటంలోనే ఉందని నాకనిపిస్తుంది.

1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. మరుసటి ఏడే పక్కనున్న సిరిసిల్లలో సహకార విద్యుత్ సంఘం పుట్టింది. ఇప్పటికీ దాన్ని అందరూ ‘సెస్’ అనే అంటారు. గంభీరావుపేట వాళ్లు సెస్‌కు బిల్లు కడితే, ఇవతలి మాచారెడ్డి వాళ్లు బోర్డుకు, 2000 తర్వాత వరంగల్ కేంద్రంగా నడిచే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు, కడుతూ వచ్చారు. బిల్లు ఎవరికి కట్టినా గోడ మీది సరంజామా ఒక్కటే: చెక్కబోర్డు, ఇనప మెయిన్, పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజులు.

కిట్‌కాట్ మంచి వస్తువే. ఎడిసన్ 1890లో పేటెంటు తీసుకున్న ఫ్యూజుకు, దీనికి సూత్రం ఒకటే: ప్రవాహం మితిమీరితే ముందు సన్న తీగ కరగాలి, గోడలోని వైరు కాదు. 5 ఆంపియర్లకు సుమారు 0.2 మిల్లీమీటర్ల కళాయి పూసిన రాగి తీగ, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్లది వేయాలి. నాలుగు 40 వాట్ల బల్బులున్న ఇల్లు ఒక్క ఆంపియర్ కూడా లాగదు. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పేదల ఇంటికి ఇచ్చింది ఒక్క దీపమే. ఆ ఇళ్లకు ఆ పెట్టె ఎక్కువే తప్ప తక్కువ కాదు.

తర్వాత టీవీ వచ్చింది, మిక్సీ, కూలరు, ఫ్రిజ్ వచ్చాయి. గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లలో గీజరు, ఏసీ కూడా చేరాయి. 2000 వాట్ల గీజరు ఒక్కటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోవడం మొదలైంది. అప్పుడు పెట్టె మార్చాల్సింది. తీగ మార్చారు. ఒక పోగు బదులు రెండు పోగులు మెలేశారు, అదీ ఆగకపోతే సర్వీసు వైరులోంచి అల్యూమినియం పోగు లాగి బిగించారు. పొలంలో నేర్చిన విద్య ఇంట్లోకి వచ్చింది. ఫ్యూజు పోవడం మానేసింది, ఇంటిల్లిపాదీ సంతోషించారు. కానీ గోడలో ఉన్నది ఎలక్ట్రీషియన్లు ‘మూడు ఇరవైరెండు’ అనే పాత వైరు, ఒక చదరపు మిల్లీమీటరుకు కాస్త పైన. గొట్టంలో అది పట్టగలిగేది పన్నెండు పదమూడు ఆంపియర్లు. కరగాల్సిన తీగ కరగకపోతే కాలేది అదే.

కరెంటు కోతల రోజుల్లో ఈ తప్పు బయటపడేది కాదు. వైరు వేడెక్కేలోపే కరెంటు పోయేది! ఇప్పుడు ఏసీ రాత్రంతా ఆడుతుంది, వైరుకు చల్లబడే తీరిక లేదు.

పాత బోర్డుల్లో మరో ప్రమాదం ఉంది: పక్కపక్కనే రెండు కిట్‌కాట్లు, ఒకటి ఫేజుకు, ఒకటి న్యూట్రల్‌కు. న్యూట్రల్‌లో విడి ఫ్యూజు పెట్టకూడదని 1956 నాటి విద్యుత్ నియమాలే చెప్పాయి. అది పోతే లైటు ఆరుతుంది, ఫ్యాను ఆగుతుంది, కరెంటు లేదనుకుని హోల్డరులో వేలు పెడతాం. ఫేజు మాత్రం అక్కడే ఉంటుంది. అలాంటి బోర్డు ఇంకా ఉంటే దాన్ని మార్చడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

కిట్‌కాట్ బదులు పెట్టాల్సింది ఎంసీబీ, ప్రవాహం మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు. అది కొత్తదేమీ కాదు. జర్మనీలో హ్యూగో స్టోట్జ్ 1924లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. కిట్‌కాట్ తీగ రాసిన విలువకు దాదాపు రెట్టింపు దాటితే గాని కరగదు. ఎంసీబీ రాసినదానికి 1.45 రెట్లు ప్రవహిస్తే గంటలోపే పడిపోతుంది, షార్టయితే రెప్పపాటులో. పోగులు మెలేసి దాన్ని మోసం చేయలేం. అయినా మన చేతివాటం అక్కడా దారి వెతుక్కుంది: 16 ఆంపియర్లది మాటిమాటికీ పడుతోందని 32 ఆంపియర్లది బిగిస్తారు. ఇది అల్యూమినియం పోగుకు స్వయానా తమ్ముడు.

కాబట్టి పెట్టె మార్చాలా వద్దా అన్నది దాని వయసును బట్టి తేల్చలేం. కిట్‌కాట్ పట్టు వెచ్చగా తగిలినా, పింగాణీ మీద గోధుమరంగు మరక కనిపించినా, మెయిన్ దగ్గర కాలిన వాసన, సన్నటి చిటపట ఉన్నా వెంటనే మార్చాలి. ఇవేవీ లేకపోయినా గీజరో ఏసీయో కొంటున్నామంటే, వస్తువు కంటే ముందు దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, సొంత ఎంసీబీ, సరైన ఎర్తింగు రావాలి. పాత వైరు వదిలేసి పెట్టె మాత్రం కొత్తది పెడితే సగం పనే అయినట్టు. మీటరు సీలు జోలికి పోకూడదు, అది డిస్కం వాళ్ల పని.

ఇక ఆర్‌సీసీబీ. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పి భూమిలోకి పోతే చాలు, మనిషి ప్రాణం పోకముందే సరఫరా తెంపేస్తుంది. పాత ఇంట్లో పెట్టగానే ఇది పడిపోవడం మామూలే. రెండ్రోజులు చూసి, ‘ఇది తలనొప్పి సార్, తీసేద్దాం’ అంటారు ఎలక్ట్రీషియన్లు, ఇంటాయన కూడా సరేనంటాడు. చాలాసార్లు ఆ పరికరం పాడై పడదు. గోడలో ఎక్కడో చెమ్మకు వైరు లీకవుతుంటుంది, లేదా ఎవరో ఎర్తు తీగనే న్యూట్రల్‌గా వాడి ఉంటారు. ఒక్కో సర్క్యూటు విడదీసి, ఏది కలిపితే పడుతోందో చూస్తే దొరుకుతుంది. దానికి ఒక పూట పడుతుంది, తీసేయడానికి ఐదు నిమిషాలు చాలు.