డిచ్‌పల్లి, పెద్దరోగం, దేవుని చిత్తం

నాందేడ్‌లో మరాఠీ బడిలో చదివిన మన పిల్లలకు ఆనంద్‌వన్ పేరు తెలుసు. వరోరా దగ్గర బాబా ఆమ్టే కుష్ఠురోగుల కోసం నిలబెట్టిన ఊరు అది. దానికి ముప్ఫై ఏళ్ళకు పైగా ముందే, మనకు ఇంకా దగ్గరలో, మన భాష మాట్లాడే చోట అలాంటిదే ఒకటి లేచిందన్న సంగతి మాత్రం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఇక్కడ రైలెక్కితే ముద్‌ఖేడ్, ఉమ్రి, ధర్మాబాద్, బాసర, ఆపైన గోదావరి దాటితే నిజామాబాద్. ఇంకొంచెం ముందుకు పోతే డిచ్‌పల్లి. నిజాం కాలంలో ఇదంతా ఒకే రాజ్యం, ఒకే మీటర్ గేజ్ లైను. ముధోల్, భైంసా కూడా 1956 దాకా నాందేడ్ జిల్లాలోనే ఉండేవి.

ఆ రోజుల్లో రోగం పేరు ఎవరూ నోటితో పలికేవాళ్ళు కాదు. తెలుగులో పెద్దరోగం, మరాఠీలో మహారోగం, అంతే. రెండు భాషలూ ఒకే భయానికి ఒకే రకం పేరు పెట్టుకున్నాయి. పూర్వజన్మ పాపం అనేవాళ్ళు కొందరు, దేవుని శాపం అనేవాళ్ళు కొందరు. ఎవరేమన్నా చివరికి రోగి ఇల్లు విడిచి పోవాల్సిందే.

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లో పుట్టింది. అబర్డీన్‌లో వైద్యం చదివి, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్‌లో పనిచేస్తుంటే కుష్ఠురోగులు కనబడ్డారు. వాళ్ళకు చోటు లేదు, మందు లేదు. ఆసుపత్రి కట్టాలంటే డబ్బు కావాలి గదా. ఆ డబ్బులో పెద్ద భాగం ఇచ్చింది రాజా నర్సా గౌడ్ అనే హిందువు. క్రైస్తవ మిషన్ ఆసుపత్రికి, అదీ అందరూ అసహ్యించుకునే రోగం కోసం, ఆయన చెయ్యి విప్పడం నాకు ఈ కథలో చాలా ఇష్టమైన భాగం. అలా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మొదలైంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. బాధను దేవుని చిత్తమని ఒప్పుకోవాలని క్రైస్తవ బోధ చెబుతుంది. మరి మిషన్ డాక్టరమ్మ రోగికి ఏం చెప్పాలి? నీకు వచ్చింది దేవుడిచ్చిందే, ఓర్చుకో అనాలా? సువార్తల్లో ఒక కుష్ఠురోగి ప్రభువు ముందు మోకరించి, తనను బాగుచెయ్యడం ఆయనకు ఇష్టమైతే చాలంటాడు. యేసు తనకిష్టమేనని చెప్పి, చెయ్యి చాపి అతన్ని ముట్టుకుంటాడు. దేవుని చిత్తం ఏమిటని నేరుగా అడిగిన మనిషికి దొరికిన జవాబు అది. గెత్సెమనే తోటలో కూడా ఆ గిన్నె తప్పించమని అడగడమే ముందు, ఒప్పుకోవడం తర్వాత. అడగకుండానే తల వంచమని రోగికి చెప్పేవాళ్ళు ఈ వరస మరిచిపోతారని నాకనిపిస్తుంది.

కెర్ దంపతులు మందు పట్టుకున్నారు. అప్పటికున్నది చాల్ముగ్ర నూనె ఒక్కటే. తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేది. అందుకని దాన్నీ, దాని జాతికే చెందిన అడవి బాదం నూనెనూ సూదితో ఎక్కించే పద్ధతి వచ్చింది. చిక్కటి నూనె, లావు సూది, వారం వారం, నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి. పొడిచిన చోట వాపు, నొప్పి. నయమవుతుందన్న హామీ కూడా లేదు. ఏ సంకెలా లేకుండా తమంతట తాము మళ్ళీ మళ్ళీ వచ్చి ఆ సూదికి ఒళ్ళప్పగించిన రోగులు ఉన్నారే, ఇష్టపూర్వకమైన సమర్పణ అంటే నాకు వాళ్ళే గుర్తొస్తారు. డాక్టర్లు, దాతల పేర్లు మిగిలాయి గానీ వాళ్ళ పేర్లు మనకు మిగల్లేదు.

ఈ రోగంలో ఇంకో విచిత్రం ఉంది. ఇది నొప్పినే తీసేస్తుంది. నరాలు చచ్చిపోయి, పొయ్యి మీది గిన్నె పట్టుకున్నా చేతికి తెలియదు. కాలి కింద ముల్లు దిగినా తెలియదు. వేళ్ళు పోవడానికి చాలావరకు ఆ తెలియకపోవడమే కారణమని తర్వాత వెల్లూరులో పాల్ బ్రాండ్ చూపించాడు. ఆయన కూడా మిషనరీ బిడ్డే, తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టినవాడు. నొప్పి మనిషికి దేవుడిచ్చిన కానుక అని జీవితాంతం వాదించాడు. వినడానికి కటువుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అన్నది నొప్పి తెలియని చేతులకు ఏళ్ళ తరబడి ఆపరేషన్లు చేసిన మనిషి.

1923లో కెర్ దంపతులకు కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. ఇసబెల్ 1932 జనవరిలో చనిపోయింది. అప్పటికి ఆమెకు 56 ఏళ్ళు. మంచి మందు వచ్చేదాకా ఆమె ఉండలేదు. అదే డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో అక్కడి నుంచి కలకత్తాకు, ఆ తర్వాత ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్ళాడు. నోటితో మింగే డాప్సోన్ మాత్ర తక్కువ మోతాదులో ఇచ్చినా పనిచేస్తుందని చూపినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. లావు సూదుల కాలం అలా ముగిసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని చెప్పాక రోగం పూర్తిగా నయమయ్యేదైంది.

చట్టం మాత్రం నింపాదిగా నడిచింది. రోగుల్ని పట్టి వేరుగా ఉంచడానికి తెచ్చిన 1898 నాటి చట్టాన్ని మన పార్లమెంటు 2016లో గానీ రద్దు చేయలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు 2019 దాకా ఉండింది. అంటే డిచ్‌పల్లి ఆసుపత్రికి నూరేళ్ళు నిండి, ఇంకో నాలుగేళ్ళు గడిచేదాకా.