నల్లమల చెంచుల భూస్వత్వము

ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలక్షేత్రమున నృసింహస్వామి చెంచులక్ష్మిని వరించెనని స్థలప్రసిద్ధి. ఏటేట కనుమనాఁడు మొదలు సుమారు 40 దినములు సాగు పారువేటయందు ఉత్సవమూర్తులు పల్లెపల్లెకు వేంచేయుట చెంచులను కల్యాణమునకుఁ బిలుచుటకేయని జనులందురు. దేవుఁడే అల్లుఁడైన యీ యడవిలో అత్తవారికి భూమిపై హక్కు కలదా యను ప్రశ్నకు మాత్రము శాసనములు కాలమున కొకరీతిగా నుత్తరము చెప్పినవి.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లిఖితము, భుక్తి, సాక్షులు అను మూఁడు ప్రమాణములు చెప్పఁబడినవి. ఆగమము, అనఁగా హక్కు సంక్రమించిన మార్గము, భోగముకంటె బలవత్తరము. అయినను పూర్వక్రమముగా వచ్చిన భోగమునకు స్మృతికారుఁడే మినహాయింపు నొసఁగెను. తాతముత్తాతలనాఁటినుండి యొకచోట నున్నవానిని పత్రమేదియని యడుగరాదనుట దీని ఫలితార్థము. చెంచుల వివాదమంతయు నీ మినహాయింపు చుట్టే తిరిగినది.

పూర్వము నంద్యాలనుండి గిద్దలూరికిఁ బోవు నందికనమ మున్నగు కనుమలలోను, శ్రీశైలయాత్రామార్గములలోను చెంచులు కావలి యుండి, అందులకుఁ బ్రతిఫలముగా మేరలను, ఇనాములను అనుభవించిరి. కావలికిఁ బ్రతిఫల మిచ్చిన పాలకుఁడు ఆ యడవిలో వారి యునికి నొప్పుకొన్నట్లే గదా!

1839వ సంవత్సర మీ చరిత్రమున గమనింపఁదగినది. ఆ యేఁటనే కుంఫిణీవారు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖానును పదభ్రష్టునిఁ జేసి నంద్యాలసీమను స్వాధీనపఱచుకొనిరి. ఆ యేఁటనే గంజాము, విశాఖపట్టణముల మన్యప్రాంతములకు 24వ చట్టము వచ్చినది. తిరుగుబాట్లు జరిగిన మన్యములకు సాధారణచట్టములు సరిపడవని యప్పుడు తోఁచినది. నల్లమల మాట యెవరికిని తోఁపలేదు. 1846-47లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు కోవెలకుంట్లసీమను కదలించిన పిదపను ఆ జాబితా మాఱలేదు. మన్యమున గిరిజనుల భూమి పరులపాలు గాకుండ నాపిన 1917వ సంవత్సరపు మద్రాసు చట్టము గంజాము, విశాఖ, గోదావరి ఏజెన్సీలకే వర్తించినది. 1935వ సంవత్సరపు శాసనము ననుసరించి 1936లో వెలువడిన ఉత్తరువులోను కర్నూలు లేదు.

తుదకు 1950లో, రాజ్యాంగపు 244వ అధికరణము, అయిదవ షెడ్యూలు ననుసరించి రాష్ట్రపతి షెడ్యూల్డు ప్రాంతములను ప్రకటించినప్పుడు, మద్రాసురాష్ట్రమున ఆ పూర్వపుజాబితాయే పునరుక్తమైనది. హైదరాబాదు వేఱు రాజ్యమగుటచే దాని జాబితాయు వేఱు. అచ్చట 1940వ దశకమున, హైమెండార్ఫు పండితుని పరిశోధనానంతరము, చెంచులకై ప్రత్యేకారణ్యభాగ మేర్పడియుండెను. 1950లో అమ్రాబాదు సీమ షెడ్యూలున చేరినది. కాఁబట్టి కృష్ణకు ఆవలి చెంచుల భూమికి షెడ్యూల్డు ప్రాంతరక్షణము కలిగినది, ఈవలివారికి లేకపోయినది. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులకు భూసంక్రమణము చెల్లదన్న 1970వ సంవత్సరపు 1వ రెగ్యులేషనుగాని, 1997లో సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పిన తీర్పుగాని నంద్యాల వైపు చెంచుగూడెములకు వర్తింపవు. చెంచులు అనర్హులని యెవరును విచారించి నిర్ణయింపలేదు. పాతజాబితాకు ప్రతి వ్రాసినవాని కలమే వారిని వెలిపెట్టినది.

ఇంతలో 1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టము తన పని తాను చేసినది. అడవిని రిజర్వు చేయఁదలఁచినప్పుడు చుట్టుపట్ల గ్రామములలో ప్రకటన చేయవలయును. మూఁడు మాసములకుఁ దక్కువగాని గడువులో హక్కుదారుఁడు వ్రాతమూలముననో, స్వయముగా వచ్చియో తన హక్కు చెప్పుకొనవలయును. చెప్పుకొనని హక్కు నశించును. అక్షరమున నిది యన్యాయ మనఁజాలము. కాని ఊరి చావడిలో చదివిన ప్రకటన అడవిలోని పెంటలలో నుండువారి చెవి కెట్లు చేరును? నల్లమలలు రిజర్వు అడవులైనవి. చెంచువాని భుక్తి ప్రభుత్వపుటనుగ్రహముగా మాఱినది.

ఈ స్థితిని మార్చిన 2006వ సంవత్సరపు చట్టము పేరే విచారింపఁదగినది. అది అటవీహక్కుల గుర్తింపు చట్టము, ప్రదానచట్టము గాదు. కర్మ నిర్వర్త్యము, వికార్యము, ప్రాప్యము అని త్రివిధమని వాక్యపదీయము. కుండను చేయుటలో కుండ నిర్వర్త్యము, అనఁగా క్రియచేఁ బుట్టినది. సూర్యుని చూచుటలో సూర్యుఁడు ప్రాప్యము, చూపుచేఁ బుట్టినవాఁడు గాఁడు. గుర్తించుట యను క్రియకుఁ గర్మమైన హక్కును అట్లే ముందే యున్నది. పైగా నీ చట్టము షెడ్యూల్డు ప్రాంతమునకుఁ బరిమితము గాకపోవుటచే నంద్యాల వైపు చెంచులకును వర్తించును. 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి సాగులోనున్న భూమికి నాలుగు హెక్టారులవఱకు హక్కు. అది వారసులకుఁ జెందును, అన్యాక్రాంతము గాదు. దంపతు లిరువుర పేర నుండును. విచారణ ముగియకుండ నెవరిని తొలఁగింపరాదు.

అయితే దుంపలు త్రవ్వి, తేనె తీసి బ్రతికినవారికి సాగుభూమియే సర్వస్వము గాదు. అందుచేతనే ఆదిమతెగలకు వారి సంచారభూమి యంతటిపై ఆవాసహక్కును గూడ ఈ చట్టము 3వ ప్రకరణమునఁ జెప్పినది. పులుల సంరక్షణకై కేటాయింపఁబడిన నల్లమలలో దీని యెల్లలను నిర్ణయించుట సులభము గాదు. నిర్ణయమునకు వలయు సాధనములను మాత్రము 2008వ సంవత్సరపు నియమావళి చూపినది: శ్మశానములు, బావులు, దేవతాస్థానములు, పెద్దలు చెప్పఁగా వ్రాసికొన్న వాఙ్మూలములు. అనఁగా లిఖితము లేనిచోట భుక్తియు సాక్షులును ప్రమాణములైరి.